చిన్నది తెచ్చిన చుక్కలు

ఫిబ్రవరి 3

ఈ పుస్తకం షాపుది. ముందు పేజీల్లో పటాల కొలతలు, ఎవరికి ఏ రంగు ఫ్రేము కావాలో అవన్నీ ఉన్నాయి. వెనక నుంచి నేను మొదలుపెడుతున్నాను. రెండూ మధ్యలో కలుసుకునేలోపు నా ఏడుపు తగ్గితే చాలు.

రాయమన్నది రక్తపరీక్ష గదిలో ఉండే ఆవిడ. ఆవిడ పేరేదో బిళ్ల మీద ఉంటుంది గాని నేను సూదమ్మ అనే అంటాను. ఎదురుగానే అంటాను, నవ్వేస్తుంది. గుండె ఆపరేషన్ అయ్యాక చాలామందికి ఇలా ఊరికే కళ్లలో నీళ్లు తిరుగుతాయట. రోజుకో మంచి సంగతి రాసుకుంటే మేలట. ఆవిడ మాట తీసేయడం నా వల్ల కాదు. నా నరం ఒక్క పోటుకే దొరికేది ఆవిడకే.

ఇవాళ్టి మంచి సంగతి: బతికున్నాను. నవంబర్‌లో ఛాతీ కోసి, పాడైన కవాటం తీసి లోహపుది పెట్టారు. ఇల్లు సద్దుమణిగితే లోపల టిక్కు టిక్కుమనడం నాకు వినపడుతుంది. మా ఆయనకీ వినపడుతుందట. "నువ్వు అలిగి నోరు మూసుకున్నా ఏ గదిలో ఉన్నావో తెలిసిపోతోంది" అన్నారు.

ఫిబ్రవరి 4

ఏడ్చాను. కారణం, పెన్సిలు కింద పడింది.

ఫిబ్రవరి 6

పరీక్షలో రెండు పాయింట్ తొమ్మిది వచ్చింది. రెండున్నరకీ మూడున్నరకీ మధ్య ఉండాలి. తగ్గితే కవాటం మీద రక్తం గడ్డకడుతుంది. పెరిగితే రక్తం కారడం మొదలై ఆగదు. ఆ మధ్యలో నన్ను నిలబెట్టేది రోజూ సాయంత్రం ఆరింటికి వేసుకునే మాత్ర, రక్తం పలచబడేది, ఐదు మిల్లీగ్రాములు.

మా డాక్టరు మాటలు తూచి వాడే మనిషి. ఒకసారికి మూడు మించవు. "బాగుంది. ఇలాగే ఉంచండి" అన్నాడు. ఇలాగే ఉంచుతున్నది నేను కాదు, మా ఆయన. ఆదివారం పొద్దున్నే కళ్లజోడు పెట్టుకుని, తలుపేసుకుని, ఏడు గదుల డబ్బాలో వారం మాత్రలు నింపుతారు. ఆ పావుగంట ఇంటికి నిప్పంటుకున్నా పలకరు. ఆకుకూర ఎక్కువైతే మాత్ర పని తగ్గుతుందన్నారని, రోజూ ఒకేలా ఉండాలని ఆకుల్ని కూడా తూచి పెడుతున్నారు. పెళ్లయిన ముప్పయ్యేళ్లలో ఈయన నన్ను పొగిడింది లేదు. ఇప్పుడు ఆకులు తూస్తున్నారు. నాకు ఇది చాలు.

గాజు కోయడం నాకు మాన్పించారు. ఆయన కోస్తున్నారు. ఘోరంగా కోస్తున్నారు.

ఫిబ్రవరి 11

చిన్నది వచ్చింది.

పదకొండేళ్ల తర్వాత. మా మరిది భార్య, నా తోడికోడలు. నేను పెద్దదాన్ని, అది చిన్నది. పెళ్లయి వచ్చిన రోజు నుంచీ నేను అలాగే పిలిచాను. మధ్యలో పిలవడానికి అవకాశం లేకుండా పోయింది, నా నోటి వల్లే.

మధ్యాహ్నం, ఆయన పటాలు ఇచ్చి రావడానికి వెళ్లారు. నేను అట్ట కోసుకుంటున్నాను. గుమ్మం దగ్గర నీడ పడింది. తలెత్తితే ఇది. జుట్టు సగం నెరిసింది. మొక్కలమ్మే తోటలో పని, ఆ మట్టి గోళ్లు మాత్రం మారలేదు.

"లోపలికి రావచ్చా అక్కా?"

"వచ్చి నిలబడి అడుగుతావేంటే?"

అంతే, నాకు ఏడుపు ఆగలేదు. ఎందుకని అది అడగలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, బల్ల మీద చిందరవందరగా ఉన్న మేకులన్నీ సైజుల ప్రకారం వేరుచేసింది. గంటసేపు. ఆ తర్వాత సంచిలోంచి వేలెడంత గోధుమరంగు సీసా తీసింది. తోటలో పెంచే పసుపు పూల సారం, తనే తీసిందట. పొద్దున ఇరవై చుక్కలు, సాయంత్రం ఇరవై, నీళ్లలో. మనసు తేలికపడుతుందట.

నేను ఏయే మందులు వేసుకుంటున్నానో అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఆ రోజు వరండాలో నేనన్న మాట ఇద్దరం ఎత్తలేదు. దానికి నేను రెండు చేతులూ జోడించాలి.

ఫిబ్రవరి 12

చేదు. అయినా వేసుకున్నాను. పదకొండేళ్లకు చేసి తెచ్చింది కదా.

ఫిబ్రవరి 16

సీసా చిన్నది, ఐదు రోజులకే అయిపోతోంది. ఇవాళ ఇంకోటి తెచ్చింది. పెద్ద సీసాలో తెమ్మని అనబోయి నాలిక కరుచుకున్నాను.

సీసాని అట్టల వెనక పెడుతున్నాను. దాచడం కాదు, ఎండ తగలకూడదని.

ఫిబ్రవరి 20

రెండు పాయింట్ ఒకటి. "తగ్గింది. ఏం తిన్నారు?" అన్నాడు డాక్టరు. మా ఆయన మొహం చిన్నబోయింది, తన తక్కెడ తప్పిందేమోనని. మాత్ర ఆరు చేశారు.

ఫిబ్రవరి 23

నాలుగు రోజులైంది ఏడవక. ఇవాళ పళ్ల డాక్టరు ఒకాయన వచ్చి, తను మొదటిసారి పీకిన పన్నుకి పటం కట్టమన్నాడు. "పన్ను గలాయనకి చెప్పారా?" అన్నాను. "ఆయన మా మామగారేనండీ, ఆయన గదిలోనే తగిలిస్తాం" అన్నాడు. చిన్నదీ నేనూ పడీ పడీ నవ్వాం. ఛాతీ కుట్లు నొప్పి పుట్టేదాకా నవ్వాం. అది లేచి నా వీపు మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది.

చుక్కలు పనిచేస్తున్నాయి. లేకపోతే ఇది వచ్చి కూర్చోవడం పనిచేస్తోంది. ఏదైతేనేం.

మార్చి 6

ఒకటి పాయింట్ ఏడు.

ఈసారి డాక్టరు నాలుగు మాటలు మాట్లాడాడు. మాత్ర ఏడు చేసి, ఆ అంకె పెరిగేదాకా రోజుకి రెండుసార్లు పొట్టలో సూది పొడవమన్నాడు. కవాటం మీద గడ్డకట్టి అది మెదడుకి వెళితే చెయ్యో కాలో పడిపోతుందట, నోరైనా పడిపోతుందట. "నోరు పడిపోతే మీకు బాగుంటుంది" అన్నాను ఈయనతో. నవ్వలేదు.

సూదమ్మ పక్కకి పిలిచి అడిగింది. "వేరే ఏమైనా వాడుతున్నారామ్మా? కషాయాలు, పొడులు, చుక్కలు?"

"ఏం లేదమ్మా."

పువ్వులు మందెలా అవుతాయి?

మార్చి 8

సూది పొడవడం ఈయనే నేర్చుకున్నారు. సూదమ్మ నారింజపండు మీద నేర్పింది. నారింజకి ధైర్యంగా పొడిచారు. నా దగ్గరికి వచ్చేసరికి కళ్లు మూసుకుంటున్నారు. "కళ్లు మూసుకుని పొడిస్తే పక్కింట్లో తేలుతుందండీ" అన్నాను. తెరిచారు. కళ్లనిండా నీళ్లు.

ఇలాంటి మనిషిని కట్టుకున్నందుకు ఎవరికి దణ్ణం పెట్టాలో నాకు తెలియదు. ఇక్కడ రాస్తున్నాను.

మార్చి 11

చిన్నది వచ్చింది. సీసా.

మార్చి 13

రెండు పాయింట్ ఒకటి. సూదులు ఇంకో వారం. మాత్ర ఎనిమిది.

మార్చి 20

రెండున్నర. సూదులు ఆపేశారు. ఈయన మిగిలిన సూదుల్ని సొరుగులో పెట్టి తాళం వేశారు, అవి లేచి వస్తాయన్నట్టు.

మార్చి 27

చిన్నది వచ్చింది. ఇవాళ సీసా ఇచ్చి వెళ్లిపోలేదు. కొత్త ఫ్రేములకి వార్నిష్ వేసింది. చెయ్యి సాపుగా ఉంది, ఒక్క చార కూడా లేదు. చెబితే మూతి తిప్పింది, లోపల మురిసిపోయింది. మా ఆయన వచ్చేసరికి ఇంకా ఇక్కడే ఉంది. ఆయన కాసేపు గుమ్మంలో నిలబడి, "టీ తాగావా?" అన్నారు. పదకొండేళ్లలో దానితో ఆయన మాట్లాడిన మొదటి మాట.

"తాగాను బావగారూ."

"అయితే ఇంకోసారి తాగు."

ఇంత సంతోషం నాకు పనికొస్తుందో లేదో.

ఏప్రిల్ 3

రెండు పాయింట్ ఎనిమిది. అందరూ సంతోషం. రెండు వారాల తర్వాత రమ్మన్నారు.

ఇంకొకటి రాయాలి. పరీక్ష గది బయట గోడకి కొత్త కాగితం అతికించారు. రక్తం పలచబడే మాత్ర వేసుకునేవాళ్లు ఏమేం వాడకూడదో బొమ్మలతో. మొదటి వరుసలో మూడో బొమ్మ, ఐదు రేకుల పసుపు పువ్వు. దీని సారం మాత్ర పనిని తగ్గిస్తుంది, వాడుతుంటే డాక్టరుకి చెప్పండి అని ఉంది. కింద చిన్న అక్షరాల్లో ఇంకా రెండు మూడు లైన్లున్నాయి. కళ్లజోడు సంచిలో ఉండిపోయింది, ఈలోపు నా వంతు పిలిచారు.

గుండె గుభేలుమంది. లోహపుదైనా గుభేలుమంటుంది.

ఇంటికి వచ్చి సీసా సింకులో ఒంపేశాను. అయిపోయింది. రేపటి నుంచి వేసుకోను. ఎవరికీ చెప్పక్కర్లేదు, ఎవరి మనసూ నొప్పించక్కర్లేదు. అంకె కూడా బాగానే ఉంది కదా. ఆపేస్తే ఇంకా బాగుంటుంది.

చెప్పొచ్చు కదా అంటే, ఎలా చెప్పను? అత్తయ్య పోయిన రోజు వరండాలో అందరి ముందూ దాని మొహం మీద అన్నాను, "నీ ఆకులూ నీ కషాయాలే ఆవిడని పొట్టన పెట్టుకున్నాయి" అని. అది చివరి నెలంతా అత్తయ్య పక్కనే ఉంది. నోరెండిపోతే ఏవో ఆకుల నీళ్లతో తడిపింది, అంతే. అత్తయ్య కాలేయం మొత్తం పాడైపోయిందని డాక్టరు నాకు ముందే చెప్పాడు. నాకు తెలుసు. ఎవరి మీదో ఒకరి మీద అరవాలనిపించింది, అది ఎదురుగా ఉంది.

ఇప్పుడు మళ్లీ వెళ్లి, నీ చుక్కల వల్లే నాకిలా అయిందని ఏ మొహం పెట్టుకుని చెప్పను?

ఏప్రిల్ 5

చిన్నది వచ్చింది. సీసా తీసుకున్నాను. "ఎలా ఉందక్కా?" అంది. "బ్రహ్మాండంగా ఉందే" అన్నాను. అది వెళ్లాక ఒంపేశాను. పువ్వులన్నీ ఒక్కొక్కటి చేత్తో తుంచి ఉంటుంది.

ఏప్రిల్ 10

పళ్లు తోముకుంటుంటే రక్తం. బ్రష్షు మరీ గట్టిది కొన్నారు ఈయన.

ఏప్రిల్ 12

మోచెయ్యి పైన అరచేయంత నల్లటి మచ్చ. కుర్చీ తగిలి ఉంటుంది. తగిలినట్టు గుర్తులేదు.

ఏప్రిల్ 13

ముక్కులోంచి రక్తం. గాలి పొడిగా ఉంది. ఈయన కంగారుపడి "ముందే వెళ్లి పరీక్ష చేయించుకుందామా?" అన్నారు. "శుక్రవారం ఎలాగూ ఉందిగా, నాలుగు రోజులకి ఏం మునిగిపోతుంది" అన్నాను.

ఏప్రిల్ 15

ఆసుపత్రిలో రాసుకోవడానికి ఈ కాగితం సూదమ్మ ఇచ్చింది. ఇంటికి వెళ్లాక పుస్తకంలో అంటించాలి. వెళతాను కదా.

నిన్న పొద్దున ఈయన కోసిన గాజు అంచు నునుపుగా లేదని నేనే గుడ్డ పెట్టి తుడవబోయాను. చూపుడు వేలికి గీత. గీతంటే గీతే, మామూలుగా అయితే నోట్లో పెట్టుకుని పని చేసుకునేదాన్ని. గుడ్డ తడిసింది. ఇంకో గుడ్డ తడిసింది. ఒక పెద్ద తువ్వాలు తడిసింది. ముప్పావుగంటైనా ఆగలేదు. ఈయన షాపు తలుపులు కూడా వేయకుండా నన్ను బండి ఎక్కించారు.

ఎనిమిది పాయింట్ ఒకటి.

ఆ అంకె విని సూదమ్మ చేతిలో కాగితం కింద పెట్టి ఒక్క పరుగు తీసింది. దెబ్బ తల మీద తగిలి ఉంటే ఇవాళ నేనూ ఒక పటంలో ఉండేదాన్ని, ఈయన కోసిన వంకర గాజు వెనక. విరుగుడు మందు కొంచెం కొంచెంగా ఇస్తున్నారు. ఎక్కువ ఇస్తే కవాటం మీద గడ్డకడుతుందట, తక్కువ ఇస్తే రక్తం ఆగదట.

ఇప్పటికి ఆగింది. నర్సులకీ, సూదమ్మకీ, ఈయనకీ, ఈ కట్టుకీ కూడా దణ్ణం.

డాక్టరు అడిగాడు, "ఏం మారింది?" అని. ఏం లేదన్నాను.

నిజంగానే ఏం లేదు కదా. ఆపేశాను కదా. వాడుతున్నది చెప్పాలి గాని, మానేసిందానికి చెప్పేదేముంది?

ఏప్రిల్ 16

ఈ రోజుది వివరంగా రాయాలి. మర్చిపోయినట్టు నటిస్తానేమో, అందుకు.

పొద్దున కళ్లు తెరిచేసరికి ఈయన నా కాళ్ల దగ్గర మంచం మీద తువ్వాలు పరిచి, డబ్బాలోని మాత్రలన్నీ ఒంపి లెక్కపెడుతున్నారు. లెక్కపెట్టి, కాగితం మీద రాసి, మళ్లీ కలిపేసి మళ్లీ లెక్కపెడుతున్నారు. గడ్డం గీసుకోలేదు.

"ఏంటండీ ఇది?"

"నేనే ఎక్కడో రెండేసి వేసుంటాను" అన్నారు. "లెక్క సరిపోతోంది గాని, ఎక్కడో వేసుంటాను. లేకపోతే ఎలా పెరుగుతుంది?"

డాక్టరు వచ్చాడు. ఈయన లేచి నిలబడి, బడిలో తప్పు చేసినవాడిలా అదే మాట చెప్పారు. డాక్టరు మంచివాడే. మెత్తగానే అన్నాడు. "పరవాలేదు. ఇకమీదట నర్సు నింపుతుంది." ఈయన తలూపి, డబ్బా తీసి డాక్టరు చేతిలో పెట్టబోయారు. రెండు చేతులతో.

ఆ చేతులు చూసి నాకు వరండా గుర్తొచ్చింది. ఆ రోజు చిన్నది కూడా ఇలాగే, గిన్నె రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. అది చెయ్యని తప్పు నేను దాని నెత్తిన వేస్తుంటే ఎవరూ నోరు మెదపలేదు, ఈయనతో సహా. ఇప్పుడు నేను నోరు మెదపకుండా పడుకుని ఉన్నాను.

"ఆయన కాదండీ" అన్నాను. "ఆయన లెక్క ఎప్పుడూ తప్పలేదు. నేను చుక్కలు వాడాను. పసుపు పూలవి. ఏడు వారాలు. ఈ నెల మూడున ఆపేశాను."

డాక్టరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇన్ని నెలల్లో ఆయన కూర్చోవడం నేను చూడలేదు. ఆ తర్వాత ఆయన మాట్లాడినంత ఎవరూ మాట్లాడరు. ఆ చుక్కలు వేసుకుంటే నా కాలేయం మాత్రని త్వరత్వరగా బయటికి పంపేస్తుందట. అందుకే అంకె తగ్గింది, వాళ్లు మాత్ర పెంచుకుంటూ పోయారు. ఐదు కాస్తా ఎనిమిదయింది. చుక్కలు ఆపాక రెండు వారాల్లో కాలేయం మామూలైపోయింది. మాత్ర మాత్రం ఎనిమిదే ఉండిపోయింది.

"వాడడం ఒక తప్పు. చెప్పకుండా ఆపడం దానికంటే పెద్ద తప్పు. చెప్పి ఆపి ఉంటే, మాత్ర కూడా మెల్లగా తగ్గించేవాళ్లం. ఇవాళ కూడా చెప్పకపోయి ఉంటే, కాలేయం చెడిందేమోనని వెతుక్కుంటూ, గుడ్డిగా డోసు మార్చేవాళ్లం. ఈసారి ఏమయ్యేదో నాకు తెలియదు."

సూదమ్మ గోడ మీది కాగితంలో కింది లైన్లు చదివి వినిపించింది. "ఆపాలనుకున్నా ముందు చెప్పండి." అదే ఉంది అక్కడ. చిన్న అక్షరాల్లో.

అందరూ వెళ్లాక ఈయన మాత్రలు ఒక్కొక్కటీ డబ్బాలో తిరిగి వేశారు. చివరి గది మూత వేస్తూ అన్నారు.

"నాకు చెప్పొచ్చుగా."

కోప్పడలేదు. కోప్పడి ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది.

ఏప్రిల్ 17

చిన్నది వచ్చింది. ఆసుపత్రికి. కొత్త సీసాతో.

చెప్పాను.

దానికంటే ముందు ఈ పుస్తకానికి ఒకటి చెప్పాలి. ఫిబ్రవరి పదకొండున, నా మందుల గురించి అది అడగలేదని రాశాను. అబద్ధం. అడిగింది. ఒకసారి కాదు, రెండుసార్లు. సీసా చేతిలో పట్టుకుని, "రక్తం పలచబడే మాత్రలేమైనా ఇచ్చారా అక్కా? అవి వేసుకునేవాళ్లకి నేనిది ఇవ్వను" అంది. "లేవే, ఏవో బలానికిచ్చిన బిళ్లలు" అన్నాను. వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి మళ్లీ అడిగింది. నేను విసుక్కున్నాను.

ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధం రాసుకున్నానంటే నేనెంత గడుసుదాన్నో. ఉన్నాయంటే సీసా సంచిలో పెట్టుకుని వెళ్లిపోతుంది. సీసా లేకపోతే ఐదు రోజులకోసారి మా గుమ్మం తొక్కడానికి దానికేం పని? అది మళ్లీ రావాలి. అందుకోసం ఎంత చేదైనా తాగుతాననుకున్నాను.

ఇదంతా దానికి చెప్పాను. అది నిలబడే విన్నది. మొహంలో రక్తం లేదు.

"రెండుసార్లు అడిగాను" అంది.

"అడిగావు."

"నేను చంపేదాన్ని కదక్కా." అంది. "అత్తయ్యని నేనేం చెయ్యలేదని పదకొండేళ్లు నాకు నేనే చెప్పుకుంటూ బతికాను. ఈసారి నిజంగానే చంపేదాన్ని. నా చేత్తో."

"నీ తప్పేం లేదే. అత్తయ్య విషయంలోనూ లేదు. నాకు అప్పుడే తెలుసు. డాక్టరు ముందే చెప్పాడు నాతో. తెలిసే అన్నాను."

అది నా వైపు చూసింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "తెలిసే అన్నావా" అని మాత్రం అంది. సీసా సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు కిందిదాకా విన్నాను.

ఏప్రిల్ 19

మూడు పాయింట్ రెండు. ఇంటికి పంపేశారు. షాపుకి వెళ్లి చూస్తే ఎదురు వీధి తాళాలాయన మా తలుపులేసి, కొత్త తాళం పెట్టి, ఆ రోజు నుంచీ తాళంచెవి జేబులోనే పెట్టుకు తిరుగుతున్నాడట. గాజు ముక్కలు కూడా ఊడ్పించాడు. చేతులు పట్టుకున్నాను. "వదలండమ్మా, నాకు సిగ్గు" అన్నాడు.

ఏప్రిల్ 20

రాలేదు.

ఏప్రిల్ 22

రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

ఏప్రిల్ 24

రెండు పాయింట్ తొమ్మిది. మాత్ర మళ్లీ ఐదుకి వచ్చింది. డాక్టరు "బాగుంది. ఇలాగే ఉంచండి" అన్నాడు, మళ్లీ మూడు మాటల మనిషైపోయాడు. సూదమ్మ నా కార్డు మీద ఎర్ర సిరాతో పెద్దగా రాసింది, ఈమెని ప్రతిసారీ గట్టిగా అడగండి అని. చదివి ఒళ్లు మండింది. తర్వాత నవ్వొచ్చింది.

ఏప్రిల్ 26

ఆదివారం. ఈయన గది తలుపు వేసుకోలేదు. "రా, ఇద్దరం నింపుదాం" అన్నారు. ఆయన మాత్ర వేస్తే నేను మూత పెట్టాను. ఏడు గదులకి అరగంట పట్టింది. నా మీద నమ్మకం లేక పిలిచారో, తన మీద తనకి నమ్మకం లేకో నేను అడగలేదు. పిలిచారు కదా.

రాలేదు.

ఏప్రిల్ 29

దానితో ఒక్కదానితో చెప్పడం సరిపోదు. ఆ మాట నేను నాలుగ్గోడల మధ్య అనలేదు. ఆ రోజు వరండాలో ఏడుగురున్నారు. ఇద్దరు ఇప్పుడు లేరు. మిగిలింది ఐదుగురు. నలుగురి ముందు అన్న మాట నలుగురి ముందే వెనక్కి తీసుకోవాలి. ఒకచోటికి రమ్మంటే ఎవరూ రారు, అందుకని ఒక్కొక్కరికీ చెప్పాను, పొద్దున పది నుంచి మధ్యాహ్నం దాకా.

మా ఆడపడుచు: "ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడెందుకే వదినా, అందరం మర్చిపోయాం."

"నువ్వు మర్చిపోయావు. అది మర్చిపోలేదు."

మెల్లగా, "నేను నమ్మాను వదినా ఆ మాట. ఇప్పటిదాకా దాని చేతి మంచినీళ్లు కూడా తాగలేదు" అంది. ఫోన్ పెట్టేశాక నేను నేల మీద కూర్చుండిపోయాను. నేనన్నది ఒక్క మాట. పదకొండేళ్లు అది ఎన్ని ఇళ్లలో తిరిగిందో.

బాబాయి గారికి చెవుడు. ఆయనకి అరిచి చెప్పాల్సొచ్చింది. "నేను అబద్ధమాడాను బాబాయ్! చిన్నది ఏ తప్పూ చెయ్యలేదు!" వీధంతా విన్నది. విననీ.

పాత ఇంటి పక్కనుండే దర్జీ ఆవిడ, "అప్పుడే అనుకున్నాను" అని పెట్టేసింది.

మరిదికి చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. ఆయన "సరే వదినా" అన్నాడు. ముక్కు ఎగబీల్చడం వినపడింది.

ఐదో మనిషి మా ఆయన. ఎదురుగా కూర్చుని చెప్పాను. అంతా విని, "నాకూ తెలుసు" అన్నారు. "డాక్టరు చెప్పినప్పుడు నేనూ నీ పక్కనే ఉన్నాను. ఆ రోజు నేనూ నోరెత్తలేదు." కండువాతో మొహం తుడుచుకున్నారు. తర్వాత లేచి, తనే మరిదికి ఫోన్ చేశారు. ఏం మాట్లాడారో నేను వినలేదు. వరండాలోకి వెళ్లి చాలాసేపు మాట్లాడారు.

ఏప్రిల్ 30

రాలేదు. అయినా ఏడుపు రాలేదు. చెప్పగలిగినంత నోరు ఇంకా మిగిలినందుకు, పడిపోనందుకు, ఇవాళ ఆ నోటికే దణ్ణం.

మే 4

రాలేదు. వార్నిష్ నేనే వేశాను. చారలొచ్చాయి.

మే 8

మూడు. సూదమ్మ గట్టిగా అడిగింది, అందరికీ వినపడేలా. "చుక్కలు? కషాయాలు? పొడులు?" "ఏం లేవు తల్లీ" అన్నాను. ఇది నిజం. నిజం చెప్పడం ఎంత సుఖంగా ఉంటుందో ఈ వయసులో తెలుసుకున్నాను.

మే 11

మధ్యాహ్నం, ఆయన పటాలు ఇవ్వడానికి వెళ్లారు. నేను అట్ట కోసుకుంటున్నాను. కొలత తప్పింది, తిట్టుకుంటున్నాను.

"ఎవర్ని తిడుతున్నావక్కా?"

గుమ్మంలో నిలబడి లోపలికి రావచ్చా అని అడగలేదు. నేరుగా వచ్చి, నా ఎదురు కుర్చీలో కూర్చుంది. నేను కత్తెర కింద పెట్టాను. ఏం మాట్లాడితే ఏమవుతుందోనని భయం.

"మన ఆడపడుచు మా ఇంటికొచ్చింది నిన్న" అంది. "మంచినీళ్లు అడిగి తాగింది. రెండు గ్లాసులు."

నేను తలూపాను.

"నీ మీద నాకు ఇంకా కోపంగానే ఉంది."

"ఉండనీ."

"చాలా ఉంది."

"ఉండనీవే. ఎన్నాళ్లుంటే అన్నాళ్లు."

అది బల్ల మీదున్న అట్ట తీసుకుని, నేను తప్పు గీసిన గీత చెరిపి, స్కేలు పెట్టి సరిగ్గా గీసింది. రెండోది గీసింది. నేను కోశాను. సాయంత్రం దాకా అలాగే పనిచేశాం. ఆరింటికి ఈయన వచ్చి నా మాత్ర, మంచినీళ్లు తెచ్చిపెట్టారు. నేను మింగేదాకా అది నా మొహంలోకే చూస్తూ కూర్చుంది. తర్వాత లేచి చెప్పులేసుకుంది.

దాని భుజాన సంచి లేదు. చేతిలో ఏమీ లేదు. ఏం పని మీద వచ్చావని నేను అడగలేదు. ఏ పనీ లేదు దానికి ఇక్కడ.